డోర్నకల్‌కు పీఠం ఎలా వచ్చింది: అజరయ్య బిషప్పు కథలోని చిక్కుముడులు

సికింద్రాబాద్‌లో రైలెక్కి విజయవాడ వైపు పోతుంటే మహబూబాబాద్ దాటాక, ఖమ్మం ఇంకా రాకముందు డోర్నకల్ జంక్షన్ వస్తుంది. కొత్తగూడెం లైను ఇక్కడే చీలిపోతుంది. భద్రాచలం రాముడి దగ్గరికి పోయేవాళ్ళకు, సింగరేణి ఉద్యోగులకు తప్ప ఈ ఊరితో పని పడేవాళ్ళు తక్కువ. అలాంటి ఊరి పేరు 1912 తర్వాత మూడు దశాబ్దాలు లండన్ నుంచి స్విట్జర్లాండులోని లోజాన్ దాకా చర్చి పెద్దల నోళ్ళలో నానింది. ఆంగ్లికన్ బిషప్పులు సంతకం పెట్టేటప్పుడు ఇంటిపేరు రాయరు, తమ పీఠం ఉన్న ఊరి పేరు రాస్తారు. ఆ లెక్కన ఆ చర్చికి తొలి భారతీయ బిషప్పైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య అనే తమిళుడికి డోర్నకల్ ఇంటిపేరైంది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఆంగ్లికన్ చర్చి అంటే ఇంగ్లండు రాజుగారి చర్చి. దానికి మన దేశంలో కలకత్తా, మద్రాసు, బొంబాయి వంటి పెద్ద పీఠాలు ఉండేవి. మరి తొలి భారతీయ బిషప్పును కూర్చోబెట్టడానికి అంత పెద్ద బ్రిటిష్ ఇండియాలో కుర్చీ వేసే చోటు దొరకలేదా? నిజాం రాజ్యంలో, బొగ్గు గనుల దారిలో ఉన్న ఒక చిన్న రైల్వే స్టేషనే ఎందుకు కావలసి వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని లాగితే అజరయ్య జీవితం దాదాపు మొత్తం తీగలా కదిలి వస్తుంది.

ముందు బిషప్పు అంటే ఏమిటో చూడాలి. గుంటూరు లూథరన్ల నడుమో, ఒంగోలు బాప్టిస్టుల నడుమో పెరిగినవాళ్ళకు కూడా ఆంగ్లికన్ల పద్ధతి కొంచెం కొత్తగానే ఉంటుంది. ఇక్కడ డీకను, గురువు, బిషప్పు అని మూడు మెట్లు. బాప్తిస్మం గురువు ఇవ్వగలడు, రొట్టె, ద్రాక్షరసం పంచే బల్లారాధన జరపగలడు. కానీ ఇంకొకరిని గురువుగా అభిషేకించాలంటే బిషప్పు తలమీద చెయ్యి పెట్టాల్సిందే. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక సంఘంలో పూర్తి సభ్యులుగా తీసుకునే నిర్ధారణ కూడా ఆయన చేతి మీదుగానే. అంటే బిషప్పు లేని సంఘం తన గురువులను తాను తయారుచేసుకోలేదు. ఎన్ని వేలమంది చేరినా, ఎన్ని గుళ్ళు కట్టుకున్నా, ఆ చెయ్యి దొరది అయినంతకాలం ఇల్లు మనదే గానీ తాళంచెవి వాళ్ళ దగ్గర ఉన్నట్టు.

అజరయ్య పుట్టింది 1874 ఆగస్టు 17న, తిరునల్వేలి సీమలోని వెళ్ళాళన్‌విళై అనే పల్లెలో. తండ్రి థామస్ వేదనాయగం హిందూ మతం నుంచి వచ్చినవాడు, ఆ పల్లెకు ఆంగ్లికన్ గురువు. పెళ్ళయిన పదమూడేళ్ళ దాకా మగపిల్లవాడు లేక, బైబిల్లో శామ్యూల్ తల్లి హన్నా మొక్కుకున్నట్టు ఈయన తల్లి మొక్కుకుంటే పుట్టాడు కనుక శామ్యూల్ అని పేరు పెట్టుకున్నారు. కులం నాడార్లు. తాటిచెట్లెక్కి కల్లు, బెల్లం తీసే వృత్తితో ముడిపడి, పై కులాల చేత తక్కువచూపు చూడబడి, మిషను బళ్ళ ద్వారా రెండు మూడు తరాల్లోనే పైకి లేచిన కులం అది. ఈ వివరం గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివాడు గానీ డిగ్రీ చేతికి రాలేదు. లెక్కల పరీక్ష సమయానికి జబ్బు పడ్డాడు, మళ్ళీ రాయలేదు. డిగ్రీ పూర్తిచేయని ఈ మనిషికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. కాలేజీ వదిలాక 1895 నుంచి వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘంలో కార్యదర్శిగా ఊరూరా తిరిగాడు. షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా కుర్రాడు అక్కడ స్నేహితుడయ్యాడు. ఇద్దరూ ఒకే గదిలో పడుకుని, ఒకే పళ్ళెంలో తిని తిరిగిన రోజులవి. తెల్లవాడితో సాటి మనిషిగా స్నేహం చేయడం సాధ్యమేనని స్వయంగా చూసినవాడు కాబట్టే, మిగతా చోట్ల ఆ స్నేహం ఎందుకు లేదన్నది ఆయనను వదలకుండా గుచ్చింది.

1902లో యాళ్ళపాణం, అంటే శ్రీలంకలోని జాఫ్నా, వెళ్ళాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొమ్ముతో తామే మిషను పని నడుపుకుంటున్నారు. అది చూసి సిగ్గేసింది. తిరునల్వేలిలో క్రైస్తవం వచ్చి వందేళ్ళు దాటింది, వేల కుటుంబాలున్నాయి, మరి మనం ఎవరికి ఏం చేశాం? మరుసటి ఏడాది, 1903 ఫిబ్రవరిలో, పాళయంకోటలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. షరతులు మూడే: మనుషులు మనవాళ్ళు, డబ్బు మనది, పెత్తనం మనది. విలాయతీ చందా ఒక్క దమ్మిడీ వద్దు.

ఇక ఎక్కడికి పోవాలి? ఏ మిషనూ చేరని చోటు కావాలి. అప్పటికి కోస్తాంధ్రలో మిషన్లు గట్లు వేసుకుని పంచుకున్నాయి. మచిలీపట్నంలో నోబుల్, ఫాక్స్ దొరలు 1841లోనే దిగారు. గుంటూరు లూథరన్లది, ఒంగోలు బాప్టిస్టులది. నిజాం రాజ్యపు తూర్పు అంచున, వరంగల్ జిల్లా మానుకోట తాలూకా వైపు ఖాళీ కనిపించింది. తిరునల్వేలి రైతుల, బడిపంతుళ్ళ చందాలతో మొదటి తమిళ మిషనరీ అక్కడికి వచ్చాడు. డోర్నకల్‌లో రైలు ఆగుతుంది, అంతే ఆ ఊరి అర్హత. చిత్రమేమిటంటే ఈ తమిళులు తెలుగు దేశానికి విదేశీ మిషనరీల్లాగే వచ్చారు. భాష రాదు, తిండి వేరు, నీళ్ళు పడవు. 1909లో అజరయ్య గురువుగా అభిషేకం పొంది, ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకుంటూ కుటుంబంతో సహా అక్కడికే చేరాడు. ఇతరులకు ఉపదేశాలు చెప్పి పంపడం కాక, తానే పెట్టె సర్దుకుని పోవడం ఆయన పద్ధతి.

ఇప్పుడు అసలు చిక్కుముడి. బ్రిటిష్ ఇండియాలో కలకత్తా, మద్రాసు, బొంబాయి బిషప్పులను నియమించేది ఇంగ్లండు రాజముద్రిక. జీతం ఇచ్చేది గవర్నమెంటు. వాళ్ళ కింద కంటోన్మెంట్లలో పనిచేసే చాప్లిన్లు అనే గురువులు ఉంటారు, ఆ చాప్లిన్ల గుళ్ళలో ఆదివారం కలెక్టర్లు, కర్నల్లు మోకరిస్తారు. అలాంటి చోట ఒక నల్లవాణ్ణి బిషప్పును చేస్తే? కలెక్టరు దొర కూతురి తలమీద నాడార్ బిషప్పు చెయ్యి పెట్టి నిర్ధారణ ఇవ్వాలి. సామ్రాజ్యం ఇంకా అంతకు సిద్ధపడలేదు. పైగా కొత్త పీఠం పెట్టాలంటే అడుగడుగునా పార్లమెంటు చట్టాలు అడ్డం.

నిజాం రాజ్యం మాత్రం కాగితం మీద బ్రిటిష్ నేల కాదు. అక్కడి పల్లెటూళ్ళలో రాజముద్రికతో అంత పేచీ లేదు, తెల్ల ఉద్యోగుల మంద లేదు, నొచ్చుకునే మేమ్‌సాహెబులు లేరు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ ఈ సందును సరిగ్గా పసిగట్టాడు. తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు ఈయన స్వయానా అన్న. పోచమ్మ, ఎల్లమ్మ జాతర్ల గురించి పల్లెలు తిరిగి రాసుకున్న మనిషి. భారతీయుడే బిషప్పు కావాలని పట్టుబట్టింది ఈయనే. పీఠం డోర్నకల్‌లో పెడదామన్న ప్రతిపాదనలో ఆదర్శం సగం, లౌక్యం సగం అని నాకనిపిస్తుంది. రాజుగారి చర్చికి తొలి భారతీయ బిషప్పు ఒక ముస్లిం ప్రభువు రాజ్యంలో వెలిశాడంటే ఆ లౌక్యానికే దండం పెట్టాలి.

వ్యతిరేకత ఊరికే పోలేదు. ఒక ఇండియన్ చేతి కింద ఎలా పనిచేస్తామని యూరోపియన్ మిషనరీలు గొణిగారు, కొందరు ఉత్తరాలే రాశారు. వాళ్ళ సంగతి అర్థం చేసుకోవచ్చు. మన వైపు నుంచి వచ్చిన అడ్డంకి వినడానికి ఇంకా చేదుగా ఉంటుంది. తిరునల్వేలి క్రైస్తవుల్లోనే కొందరికి బిషప్పు కాబోయేది నాడార్ అనేది మింగుడుపడలేదు. బాప్తిస్మం నీళ్ళు కులాన్ని తడిపాయి గానీ కడగలేదు.

ఈ గొడవ నడుస్తుండగానే 1910 జూన్‌లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రతినిధులు పన్నెండు వందల మంది దాకా, అందులో ఆసియావాళ్ళు ఇరవై మందికి మించలేదు. అజరయ్యకు ఇచ్చిన విషయం మిషనరీలకు, స్థానిక క్రైస్తవులకు మధ్య సహకారం. మిషనరీలు భారతీయ పనివాళ్ళను ఇంటికి పిలవరని, కలిసి భోంచేయరని, జీతం ఇచ్చే యజమానిలా ఉంటారు తప్ప తోటివాడిలా ఉండరని ముఖం మీదే చెప్పాడు. చివర్లో బైబిల్లో పౌలు ప్రేమ గురించి రాసిన మాటలనే వాళ్ళకు తిప్పి అప్పజెప్పాడు. మీరు బీదలకు ఆస్తి పంచారు, శరీరాలను కాల్చడానికి అప్పగించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. హాలు బిగుసుకుపోయింది. కొందరు మొహం మాడ్చుకున్నారు. ఆ మాట వందేళ్ళు దాటినా చర్చి చరిత్రకారులు ఉదహరిస్తూనే ఉన్నారు. నాకు నచ్చేది అందులోని తెగువ కన్నా లెక్క: త్యాగం చేసేవాడు పైన ఉంటాడు, పుచ్చుకునేవాడు కింద ఉంటాడు. స్నేహంలో మాత్రమే ఇద్దరూ ఒకే మట్టంలో కూర్చోవాలి. ఆయన అడిగింది ఆ కుర్చీ.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో దేశంలోని ఆంగ్లికన్ బిషప్పులు పదకొండు మంది కలిసి అజరయ్య తలమీద చేతులు పెట్టారు. వయసు ముప్పై ఎనిమిది. మొదట ఇచ్చింది చిన్న పరగణా లాంటి డయాసిస్. 1920ల మొదట్లో కృష్ణా జిల్లా మిషన్లు, కర్నూలు, కడప వైపు నంద్యాల ప్రాంతం కూడా దాంట్లో కలిశాయి. గొణిగిన మిషనరీలు ఎందరో ఆయన చేతి కిందికే వచ్చారు. చాలామంది ఆ తర్వాత ఆయన మనుషులే అయిపోయారు.

ఇక్కడి నుంచి కథ పల్లెలది. చేరింది ఎక్కువగా మాలలు, మాదిగలు. ఒకరిద్దరు కాదు, పేటకు పేట. ఇలా గుంపుగా చేరడాన్ని ఆనాటి పట్నం చదువరులు, హిందువులూ క్రైస్తవులూ కూడా, వెక్కిరించేవాళ్ళు: కూటి కోసం మతం మారారని. కానీ పేట ఎలా బతికేదో చూసినవాడికి ఇందులో వింత కనిపించదు. పెళ్ళి, చావు, పంచాయితీ, వెట్టి, అన్నీ పేట మొత్తానికి కలిపి జరిగేవి. ఒక్కడు విడిగా నిర్ణయించుకోవడమే అక్కడ అసహజం. పెద్దమనిషి లేచి మనం చేరదాం అంటే పేట లేచేది. ఆ తర్వాత నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ళ తరబడి, ఉపదేశి వచ్చి కిరసనాయిలు దీపం కింద కూర్చోబెట్టి ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు నేర్పించాకే నీళ్ళు. పగలంతా ఊరి భూస్వామి దొర పొలంలో పని, చదువు రాత్రిపూటే. చచ్చిన గొడ్డు మాంసం మానాలి, కల్లు మానాలి, ఆదివారం పని మానాలి. ఆఖరిది దొరలకు మండించేది. ఆదివారం పనికి రామన్న పేట మీద దెబ్బలు పడ్డ సందర్భాలు తక్కువేం కాదు.

బాప్తిస్మం అప్పుడు అజరయ్య చేయించే పని ఒకటి చాలా దూరం పాకింది. కొత్తగా తడిసిన తలమీద ఎవరి చెయ్యి వాళ్ళనే పెట్టుకోమనేవాడు. నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుడిని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని తనతో పాటు పలికించేవాడు. గుర్తుందా, తలమీద చెయ్యి అంటే బిషప్పు పని. నిన్నటిదాకా ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషి చేత తన తలమీద తన చెయ్యే పెట్టించాడు. ఇది ఆయన ఆలోచించి చేశాడో లేదో గానీ, చూసిన పేటవాళ్ళకు అర్థం అయ్యే ఉంటుంది.

నాలుగు దయ్యాలు అని ఆయన అనేవాడు: మురికి, రోగం, అప్పు, తాగుడు. వీటిని వదిలించడానికి పరపతి సంఘాలు, ఆసుపత్రులు, అచ్చాఫీసు, బళ్ళు పెట్టించాడు. డోర్నకల్ బైబిలు పాఠశాలకు పల్లె గురువు కావాలని వచ్చేవాడు ఒక్కడే రాకూడదు, పెళ్ళాం పిల్లలతో రావాలి. భార్యకూ పాఠాలుంటాయి, పొలంలో పని ఇద్దరికీ ఉంటుంది. ఈ ఆడవాళ్ళ చదువు వెనుక ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ ఉంది. దక్షిణాదిలో కాలేజీ మెట్లెక్కిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఒకరామె. బిషప్పు పేరు రాతి పలకల మీద ఉంది, ఆమె పేరు అంత సులువుగా కనిపించదు.

డబ్బు సంగతీ చెప్పాలి. సంఘం తన కాళ్ళమీద నిలబడాలన్నది పాళయంకోట నాటి పట్టుదలే. కూలిజనం దగ్గర నగదు ఎక్కడిది? అందుకని పిడికెడు బియ్యం పద్ధతి. అన్నం వండబోయే ముందు ఇల్లాలు ఎసట్లో పోసే బియ్యంలోంచి, జొన్నలైతే జొన్నల్లోంచి, ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. మంచిపంట వచ్చినప్పుడు కోతపండుగలో కోడిపుంజులు, గుమ్మడికాయలు, ధాన్యం బస్తాలు అర్పించి అక్కడే వేలం వేస్తారు. తెలుగు సంఘాల్లో ఇవి నేటికీ నడుస్తున్నాయి. ఇచ్చేవాడికి మాట ఉంటుంది కదా, అసలు ఎత్తుగడ అదే. కానుకల గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం చాలా భాషల్లోకి వెళ్ళింది.

ఆయన పీఠమెక్కిన నాటికి పదివేలల్లో ఉన్న సంఘస్తుల సంఖ్య 1940ల మొదటికి రెండు లక్షలు దాటింది. 1935 ప్రాంతానికే డయాసిస్‌లో భారతీయ గురువులు రెండొందల యాభై మంది, పల్లె పంతుళ్ళు రెండు వేల మంది. అలాగని అంతా సాఫీగా లేదు. మాల గుడికి మాదిగలు, మాదిగ గుడికి మాలలు పోని పల్లెలు మిగిలాయి. ఒక కులం మనిషి రెండో కులం పేటకు ఉపదేశిగా వెళితే తిప్పి పంపిన చోట్లున్నాయి. తమిళ పెత్తనం ఎన్నాళ్ళని తెలుగు గురువుల్లో సణుగుడు ఉండేది. ఎడింబరోలో తాను దొరలను నిలదీసిన ప్రశ్న ఇప్పుడు తన గుమ్మం ముందుకే వచ్చిందన్నమాట. అజరయ్య క్రమశిక్షణలో మెతక మనిషి కాదు, ఆ మాటకొస్తే కొంచెం ఎక్కువే కఠినం.

డోర్నకల్ కెథడ్రల్ చూస్తే ఆయన మనసు తెలుస్తుంది. దాదాపు పాతికేళ్ళు కట్టి, 1939 జనవరిలో ప్రతిష్ఠించారు. దూరం నుంచి గుమ్మటాలు, మినార్లు కనిపించి దర్గా ఏమో అనిపిస్తుంది. దగ్గరికొస్తే గుడి మండపంలో ఉండే రాతి స్తంభాలు, వాటి మీద తామరపూలు. లోపలికి పోతే సిలువ. నిజాం రాజ్యంలో నిలబడి తెలుగు దేశపు గుడినీ మసీదునూ కలుపుకున్న కట్టడం. విచిత్రం ఏమిటంటే ఆ గుమ్మటం కింద జరిగే ఆరాధన మాత్రం ఇంగ్లండు ప్రార్థన పుస్తకం వరసలోనే, తెలుగులో. అది ఆయన మార్చనివ్వలేదు. గోడలు మనవైతే చాలు, లోపలి క్రమం పాతదే ఉండాలి అనే ఈ పట్టు కొందరికి భారతీయత, ఇంకొందరికి దాస్యం. నన్నడిగితే రెండూ ఒకే మనిషిలో హాయిగా ఇమిడిపోయాయి.

రాజకీయాల్లోనూ అంతే, ఏ గాటా ఆయనకు సరిపోదు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం క్రైస్తవులకు కూడా ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తే వద్దన్నాడు. ఓట్ల కోసం సంఘాన్ని ఒక కులంలా గిరిగీసి కూర్చోబెడతారని ఆయన భయం. ఆ విషయంలో గాంధీ మాట, ఆయన మాట ఒక్కటే అనుకుంటాం. మతమార్పిడి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురు. హరిజనులకు మతాల మంచిచెడ్డలు తూచే తెలివి లేదని, వాళ్ళ దగ్గరికి సువార్త తేవడం ఆవుకు బోధించడం లాంటిదని గాంధీ 1936లో అమెరికా మిషనరీ నాయకుడు జాన్ మాట్‌తో అన్న మాట అచ్చయింది. అజరయ్య నిత్యం చూస్తున్నది ఆ మనుషులనే. రాత్రి దీపం కింద పది ఆజ్ఞలు నేర్చుకుని, దొర కొట్టినా ఆదివారం పనికి పోనివాడికి తెలివి లేదంటే ఎలా ఒప్పుకుంటాడు? అయితే కాంగ్రెసు వాళ్ళ అనుమానంలోనూ న్యాయం లేకపోలేదు. జనాభా లెక్కలే రాజకీయ బలమైన కాలంలో, రాజుగారి చర్చి బిషప్పు పేటలకు పేటలు కలుపుకుపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఎవరికైనా కష్టమే.

హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావను అని 1935లో యెవలాలో ప్రకటించిన అంబేద్కర్ ఆ తర్వాత అజరయ్యతో మాట్లాడినప్పుడు ఒక సూటి ప్రశ్న వేశాడని చెబుతారు: మా జనం మీలో కలిస్తే ఏ చర్చిలో కలవాలి? మమ్మల్ని మీ వర్గాలుగా చీలుస్తారు కదా? దీనికి అజరయ్య దగ్గర జవాబు లేకపోయింది. ఈ ప్రశ్న ఎంత నిజమో తెలుగు పల్లె చూస్తే చాలు. గుంటూరు జిల్లాలో లూథరన్‌గా బాప్తిస్మం పొందిన కూలివాడు కృష్ణ దాటి బెజవాడ వైపు పనికొస్తే అక్కడ ఆంగ్లికన్ గుడి. ఒంగోలు వైపు పోతే నీ బాప్తిస్మం చెల్లదు, మళ్ళీ ములగాలి అంటారు. ఈ గట్లు వేసింది ఎవరో జర్మను, అమెరికను, ఇంగ్లీషు దొరలు. తగాదా యూరపుది, శిక్ష మాదిగపల్లెకు. విభజన మీ దేశాల్లో బలహీనత కావచ్చు, మా దగ్గర అది పాపమని ఆయన 1927లో చర్చిల ఐక్యత కోసం జరిగిన లోజాన్ సభలో చెప్పిన మాటకు అర్థం ఇదే.

ఈ చర్చిలను ఒక్కటి చేసే ప్రయత్నానికి పునాది 1919 మేలో తమిళ తీరంలోని తరంగంబాడిలో పడింది. ఆంగ్లికన్లు, బిషప్పులు లేని దక్షిణ భారత ఐక్య సంఘం వాళ్ళు కలిసి ముప్పై మూడుమంది, ఎక్కువమంది భారతీయులే, ఐక్యతకు పిలుపునిస్తూ ప్రకటన రాశారు. కూడబెట్టిన పెద్ద అజరయ్యే. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు చర్చలు సాగాయి. అన్నిటికన్నా పెద్ద పీటముడి బిషప్పు చెయ్యే. బిషప్పు అభిషేకించని గురువులను గురువులుగా ఒప్పుకోవాలా వద్దా? మొదట్లో చూసిన తాళంచెవి ఇక్కడ మళ్ళీ అడ్డం వచ్చింది. చివరికి పాత గురువులందరినీ అలాగే ఒప్పుకుని, ఇక ముందు అభిషేకాలన్నీ బిషప్పుల చేతనే అన్న రాజీ కుదిరింది. ఈ లోపల 1930లో ఇక్కడి ఆంగ్లికన్ చర్చి ఇంగ్లండు రాజముద్రిక నుంచి చట్టం ద్వారా విడిపోయింది కాబట్టి, 1912 నాటి ఆ నిజాం సందు అవసరం కూడా తీరిపోయింది.

దక్షిణ ఇండియా సంఘం, మనం సీఎస్‌ఐ అనేది, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. అజరయ్య చూడలేదు. చివరిదాకా పల్లె పర్యటనలు మానని మనిషి జబ్బుపడి 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు, తన కెథడ్రల్ పక్కనే సమాధి. ముప్పై రెండేళ్ళ పాటు దేశంలో సొంత డయాసిస్ ఉన్న ఏకైక భారతీయ ఆంగ్లికన్ బిషప్పు ఆయనే. ఆయన పోయాక ఆ పీఠం మీదికి వచ్చింది మళ్ళీ ఒక యూరోపియనే. ఇక ఆయన డయాసిస్‌లోనే భాగమైన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది 1947లో సీఎస్‌ఐలో కలవమని భీష్మించుకుని, 1975 దాకా విడిగానే ఉండిపోయారు.